పాత పికప్ కొనే ముందు చాసీ కింద ఎందుకు దూరాలి? నూరేళ్ల పికప్ బండి కథ



సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి వెళ్తే మనం ముందు ఏం చూస్తాం? పెయింట్ చూస్తాం. టైర్లు చూస్తాం. మీటర్లో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో చూస్తాం. సెల్ఫ్ కొట్టి ఇంజిన్ చప్పుడు వింటాం. ఇక బేరం మొదలు.

అమెరికాలో మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల్లో, అనుభవం ఉన్న రైతు పాత పికప్ కొనడానికి వెళ్తే ముందు నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరతాడు. చిన్న సుత్తి పట్టుకుని చాసీ పొడవునా కొట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే సరే. మెత్తగా, డొల్లగా మోగితే లేచి బట్టలు దులుపుకుని వెళ్లిపోతాడు. ఇంజిన్ ఎంత బాగున్నా సరే, ఇంక ఆ బండి జోలికి పోడు.

ఈ అలవాటు వాళ్లకి ఎలా వచ్చిందో తెలియాలంటే పికప్ బండి కథ మొత్తం తెలియాలి. మనకు మంచు లేదు, నిజమే. కానీ పాత పికప్పు, దాని వెనక బరువు, జారే దారి, ఈ మూడూ మనకీ ఉన్నాయి. అందుకే ఇవ్వాళ ఈ కథ. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మొదట్లో అమెరికా రైతులకి కారంటే గిట్టేది కాదు. 1900 తర్వాత పట్నాల్లో డబ్బున్న వాళ్లు కార్లేసుకుని పల్లెల మీదికి షికారు వచ్చేవాళ్లు. ఆ చప్పుడుకి గుర్రాలు బెదిరి బండ్లు బోల్తా కొట్టేవి, కోళ్లు చక్రాల కింద పడేవి. రైతులు దాన్ని దెయ్యపు బండి అని తిట్టుకున్నారు. కొన్ని చోట్ల కార్లు రాకుండా రోడ్డుని నాగలితో దున్నేశారు, అడ్డంగా తీగలు కట్టారు.

అయితే అప్పటికే ఒక కంపెనీ రైతు వైపు చూసింది. పొలం పనిముట్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఆ రోజుల్లోనే ఆటో వాగన్ అని ఒక బండి తెచ్చింది. ఎత్తైన చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజిన్, వెనక సరుకు వేసుకునే పెట్టె. చూడ్డానికి గుర్రాలు లేని గుర్రబ్బండే. మన పెద్దవాళ్లకి మహీంద్రా బి-275 ట్రాక్టర్ గుర్తుండే ఉంటుంది. ఆ ట్రాక్టర్ మనకిచ్చింది మహీంద్రాతో కలిసిన ఈ ఇంటర్నేషనల్ హార్వెస్టరే.

1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. హెన్రీ ఫోర్డ్ మిషిగన్‌లో ఒక రైతు కొడుకు. పల్లె రోడ్డు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. అందుకే బండిని నేలకి బాగా ఎత్తులో పెట్టాడు. గాళ్లల్లో, బురదల్లో పొట్ట తగలకుండా పోయేది. 20 హార్స్ పవర్, అంటే ఇప్పటి మన మినీ ట్రాక్టరంత. మొదట్లో 800 డాలర్ల పైన ఉన్న ధర 1920ల మధ్యకి వచ్చేసరికి 300 లోపుకి దిగింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నర బండ్లు తయారయ్యాయి.

ధర దిగేసరికి మొన్నటి దాకా తిట్టిన రైతులే కొన్నారు. కొని ఊరుకున్నారా? వెనక చక్రం జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోశారు, నీళ్లు తోడారు, ధాన్యం నూర్చారు. ఇరవై ముప్పై ఏళ్ల కిందట మనం ఆయిలింజిన్‌ని ఎన్ని పనులకి వాడామో గుర్తు తెచ్చుకోండి, అదే తీరు. ఇంకా కొందరు కారు వెనక సీటు పీకేసి, ఆ చోట చెక్కపెట్టె బిగించుకున్నారు. పాలక్యాన్లు, దాణా బస్తాలు, దూడలు అందులోనే. పికప్ అనే ఆలోచన అక్కడ పుట్టింది. కంపెనీ ఇంజినీర్ల కంటే ముందు రైతుకి, ఊరి కమ్మరికి పుట్టింది.

కంపెనీలు ఆ తర్వాత అందుకున్నాయి. 1917లో ఫోర్డ్ ఒక టన్ను మోసే మోడల్ టీటీ చాసీ తెచ్చింది. 1925 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలోనే వెనక ఇనుప పెట్టె బిగించిన మోడల్ టీ వచ్చింది. పేరులోనే 'పికప్ బాడీ' అని పెట్టారు. ధర 281 డాలర్లు. పెట్టె పొడవు 56 అంగుళాలు, వెడల్పు 40 అంగుళాలు. వెనక తలుపు కిందికి దించుకోవచ్చు. ఇంకో మార్పు కూడా చేశారు, అది బయటికి కనపడదు. వెనక కమాన్ పట్టీలు గట్టివి వేశారు. పెట్టె పెట్టగానే సరిపోదు, కింద మోసేది మారాలి అని వాళ్లకి అప్పుడే అర్థమైంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు లాగే సంగతికి వద్దాం.

1914లో డెట్రాయిట్‌లో అగస్ట్ ఫ్రూహాఫ్ అని ఒక కమ్మరి ఉండేవాడు. గుర్రాలకి లాడాలు కొట్టేవాడు, బండ్లు చేసేవాడు. సిబ్లీ అనే కలప వ్యాపారి ఆయన దగ్గరికొచ్చి, నా పడవని చెరువు దాకా తీసుకుపోవాలి, ఫోర్డ్ కారు వెనక తగిలించేది ఏదైనా చేసిపెట్టు అన్నాడు. ఫ్రూహాఫ్ కారు వెనక భాగం తీసేసి, దాని మీద ఒక రెండు చక్రాల బండి ముందు కొన ఆనేలా చేశాడు. పడవకి పనికొచ్చింది కలపకి పనికిరాదా? సిబ్లీ తన కలప మోయడానికి ఇంకొన్ని చేయించుకున్నాడు. ఇవ్వాళ హైవేల మీద మనం చూసే పెద్ద ట్రైలర్ లారీల వంశం ఆ కొలిమి దగ్గర మొదలైంది.

అందులో ఉన్న కిటుకు మన ఎడ్లబండి తోలిన వాడికి చిన్నప్పుడే తెలుసు. బండికి గడ్డి గానీ బస్తాలు గానీ వేసేటప్పుడు బరువు ఇరుసుకి ఎటు పడాలో చూసుకుంటాం. ముందుకి మరీ ఎక్కువైతే ఎడ్ల మెడ మీద కాడి కుంగదీస్తుంది. వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతుకి పడతాయి. ముందుకి కాస్త, కాస్తంటే కాస్తే, మొగ్గు ఉండాలి.

పికప్ వెనక ట్రైలర్‌కీ ఇదే లెక్క. అమెరికాలో వాళ్లు దీనికి అంకె పెట్టుకున్నారు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. అంతకంటే తక్కువ పడితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరిగి, చివరికి ముందున్న బండిని కూడా పక్కకి తిప్పి పడేస్తుంది. ఎక్కువ పడితే పికప్ వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పికప్ 3 టన్నులు లాగుతుంది అన్నారు కదా అని 3 టన్నుల ట్రైలర్ తగిలిస్తారు. కానీ ఆ 3 టన్నుల్లో 12 శాతం, అంటే 360 కిలోలు, హుక్కు మీద కూర్చుంటుంది. అది పికప్ మోసే బరువులోకే వస్తుంది. బండి మోయగలిగేది 700 కిలోలు అనుకోండి. క్యాబిన్లో నలుగురు మనుషులు 300 కిలోలు. 360, 300 కలిపితే 660. ఇంక వెనక బాడీలో వేసుకోవడానికి మిగిలింది 40 కిలోలు. ఒక్క బస్తా. లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. అమెరికాలో ప్రతి పికప్‌కీ డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ అంటించి ఉంటుంది. సరుకుతో సహా బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో, ఏ ఇరుసు ఎంత మోయగలదో దాని మీద రాసి ఉంటుంది. పాత బండి కొనేవాడు అమ్మేవాడి నోటి మాట వినడు, ఆ స్టిక్కర్ చదువుతాడు.

నోటి మాటే కాదు, ప్రకటన కూడా నమ్మడానికి లేదు. హాఫ్ టన్, ముప్పావు టన్ను, వన్ టన్ అని అమెరికా పికప్‌లకి పేర్లున్నాయి. ఒకప్పుడు అవి నిజంగా మోసే బరువులే. వాళ్ల టన్ను 907 కిలోలు, అంటే హాఫ్ టన్ బండి దాదాపు 450 కిలోలు మోసేది. తర్వాత బండ్లు బలిశాయి, పేరు మాత్రం అక్కడే ఆగింది. ఇప్పుడు అది తరగతి పేరు, బరువు లెక్క కాదు. 1975లో ఫోర్డ్ ఎఫ్-150 రావడానికి కారణం కూడా తమాషాగా ఉంటుంది. ఆ ఏడాది వచ్చిన పొగ నిబంధనలు మొత్తం బరువు 6,000 పౌన్ల లోపు బండ్లకే వర్తించాయి. అందుకని ఆ గీత దాటేలా కొంచెం బరువైన హాఫ్ టన్ తయారుచేశారు. అంటే ఆ పేరు పుట్టింది రైతు బస్తాల లెక్క నుంచి కాదు, సర్కారు గీత నుంచి.

లాగే బరువు అంకెలదీ అదే కథ. చాలాకాలం ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంత లెక్క వేసుకుని, మాది ఇంత లాగుతుందంటే మాది అంత లాగుతుందని ప్రకటనలిచ్చుకుంది. చివరికి ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ అందరికీ ఒకటే పరీక్ష పెట్టింది. దాని పేరు జే2807. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్లకి పైగా సాగే ఎక్కుడు ఉంది. మండే ఎండలో, ఏసీ వేసుకుని, ట్రైలర్‌తో ఆ ఎక్కుడు ఎక్కాలి, నిర్ణయించిన వేగం తగ్గకూడదు. టొయోటా 2011 మోడళ్లకి ముందుగా ఒప్పుకుంది. మిగతా పెద్ద కంపెనీలు ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో ఒక్కొక్కటీ వచ్చాయి. కాబట్టి అంతకు ముందరి పాత బండి కొనేవాళ్లు పుస్తకంలో రాసిన అంకెని కొంచెం తగ్గించుకుని చూడటమే మంచిది.

లాగే బండ్ల చరిత్రలో 1989 ఇంకో మలుపు. ఆ ఏడాది మోడల్ డాడ్జ్ పికప్‌లో కమిన్స్ 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ పెట్టారు. అది కారు కోసం పుట్టిన ఇంజిన్ కాదు, పొలం యంత్రాలకి, లారీలకి వాడే జాతి. పవర్ 160 హార్స్ మాత్రమే, కానీ తక్కువ ఆర్పీఎంలోనే గట్టిగా లాగేది. ట్రాక్టర్ తోలేవాళ్లకి నేను దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇంజిన్ కుటుంబమే మన టాటా లారీల్లోకి కూడా వచ్చింది. 1993లో పెట్టిన టాటా కమిన్స్ కంపెనీ జంషెడ్‌పూర్‌లో తయారుచేసింది ఆ బి-సిరీస్ ఇంజిన్లనే.

అయితే ఆ పాత డీజిల్ పికప్‌లు కొనేవాళ్లకి అక్కడి మెకానిక్‌లు ఒక మాట చెబుతారు. ఇంజిన్ ఎక్కువ కాలం బతుకుతుంది, దాని చుట్టూ ఉన్నవి బతకవు. గేర్ బాక్స్, క్రౌన్ పినియన్, బేరింగులు, బ్రేకులు ముందు పోతాయి. అందుకే కొనేవాడు గేర్ బాక్స్ ఆయిల్ మాడు వాసన వస్తుందా చూస్తాడు. వెనక హుక్కు ఎంత అరిగిందో చూస్తాడు. బాడీ మధ్యలో పెద్ద ట్రైలర్ కోసం రంధ్రం కోసి ఉందా చూస్తాడు. డ్యాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకులకి కంట్రోలర్ బిగించిన గుర్తులున్నాయా చూస్తాడు. ఇవన్నీ ఆ బండి బతుకంతా ఏం లాగిందో చెబుతాయి. ఇంకోటి, క్రౌన్ పినియన్ పళ్ల లెక్క. ఒకే ఇంజిన్, ఒకే మోడల్ అయినా ఆ లెక్క మారితే లాగే బరువు మారిపోతుంది. పైకి మాత్రం రెండు బండ్లూ ఒక్కలాగే ఉంటాయి.

ఇక మంచు సంగతి.

మోడల్ టీ రోజుల్లో చలికాలం వస్తే చాలామంది కారుని దిమ్మెల మీద ఎక్కించి వసంతం దాకా కదిపేవాళ్లు కాదు. వాడక తప్పని వాళ్ల తిప్పలు చూడాలి. రాత్రి రేడియేటర్‌లో నీళ్లు వదిలేయాలి, లేకపోతే గడ్డకట్టి ఇంజిన్ పగులుతుంది. పొద్దున్నే వేడినీళ్లు కాచి పోయాలి. ఆయిల్ చిక్కబడి హ్యాండిల్ తిరగదు, అందుకని వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి అప్పుడు హ్యాండిల్ కొట్టాలి. 1927లో గ్లైకాల్‌తో చేసిన ప్రెస్టోన్ వచ్చాక నీళ్లు వదిలే బాధ తగ్గింది. మనం ఇప్పుడు కూలెంట్ అని పోసేది ఆ జాతిదే.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో వర్జిల్ వైట్ అనే ఫోర్డ్ డీలర్ మోడల్ టీకి ముందు చక్రాల చోట స్కీ చెక్కలు, వెనక ట్రాక్ పట్టీలు బిగించే కిట్టు తయారుచేసి 1920లలో అమ్మాడు. దానికి పెట్టిన పేరు స్నోమొబైల్. పోస్టు బట్వాడా చేసేవాళ్లు, పల్లె డాక్టర్లు అది కొన్నారు. మనం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ వేస్తాం కదా, ఆలోచన ఒకటే. కింద నేల మోయనప్పుడు బండి బరువుని వెడల్పుగా పరచాలి.

నార్త్ డకోటాలో గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊరుంది. అక్కడ పల్లెలకి కరెంటు ఇచ్చే సహకార సంఘానికి మేనేజర్‌గా ఉన్న ఆండ్రూ ఫ్రీమన్ ఇంజిన్‌ని రాత్రంతా వెచ్చగా ఉంచే కరెంటు హీటర్‌కి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ అటువైపు బండ్లకి ముందు జాలీలోంచి కరెంటు ప్లగ్గు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పాత బండి కొనేవాడికి ఆ ప్లగ్గు కూడా ఒక సమాచారమే. ఈ బండి గట్టి చలి చూసింది, యజమాని ఇంజిన్‌ని కాస్త చూసుకున్నాడు అని.

నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే బండ్లు మొదటి ప్రపంచ యుద్ధానికే ఉన్నాయి. కానీ అవి రైతు దాకా వచ్చింది రెండో యుద్ధం తర్వాత. విల్లీస్ కంపెనీ యుద్ధం జీపుని 1945లో రైతుల కోసమని మార్చి అమ్మింది. 1946లో డాడ్జ్ పవర్ వాగన్ వచ్చింది. యుద్ధం ట్రక్కు చాసీయే, మీద పికప్ బాడీ. కావాలంటే పీటీవో కూడా ఇచ్చేవాళ్లు. మిగతా కంపెనీల పికప్‌లకి ఫోర్ వీల్ కావాలంటే బయట బిగించుకోవాల్సిందే. మినియాపొలిస్‌లో నాప్కో అనే కంపెనీ ఆ కిట్లు అమ్మేది. 1957లో షెవర్లే, 1959లో ఫోర్డ్, ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్ పికప్‌లు ఇవ్వడం మొదలుపెట్టాయి.

ఫోర్ వీల్ ఉంది కదా అని మంచులో ధైర్యం చేసిన వాళ్లు చాలామంది గుంటల్లో పడ్డారు. ఫోర్ వీల్ బండిని కదిలిస్తుంది, ఆపదు. బ్రేకు కొడితే ప్రతి బండీ నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. ఆపేది టైరు, కింద దానికి దొరికే పట్టు. ఫిన్లండ్ వాళ్లు ఇది ముందే గ్రహించి 1934లోనే మంచు కోసం ప్రత్యేకంగా లారీ టైరు చేశారు. ఇప్పటి నోకియన్ టైర్ల కంపెనీ అదే.

ఇంకోటి చూడండి. పికప్ ఖాళీగా ఉంటే బరువంతా ముందు ఇంజిన్ మీదే ఉంటుంది. పవర్ వచ్చేది వెనక చక్రాలకి, వాటి మీద బరువు లేదు. జారుతుంది. అందుకే అక్కడి రైతులు చలికాలం వెనక ఇరుసు మీద ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతారు. ఎక్కడైనా చక్రం ఊరికే తిరిగితే ఆ ఇసుకే తీసి కింద చల్లుకుంటారు. మన నల్లరేగడి దారుల్లో తొలకరికి ఖాళీ బండి పక్కకి జారడం మీకు అనుభవమే. కారణం అదే.

ఇప్పుడు సుత్తి దగ్గరికొద్దాం.

1941-42 చలికాలంలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లడం మొదలుపెట్టింది. రాష్ట్రమంతా అలా చేయడం అమెరికాలో అదే మొదలు. అవును, స్నోమొబైల్ పుట్టిన ఆ రాష్ట్రమే. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి పోవాలి. యుద్ధం తర్వాత మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. ఇప్పుడు ఏడాదికి కోటి టన్నులకి పైగా ఉప్పు అక్కడి రోడ్ల మీద పడుతుంది.

దాంతో రోడ్డు బాగుపడింది, ఎందరి ప్రాణాలో నిలిచాయి. కానీ ఆ ఉప్పునీళ్లు బండి కిందికి ఎగిరి చాసీ గొట్టాల్లోకి దూరి అక్కడే ఉండిపోతాయి. చాసీ లోపల్నుంచి తింటూ వస్తుంది. పైన పెయింట్ కొత్తగానే ఉంటుంది. అమ్మేవాడు కింద నల్లరంగు కొట్టించాడంటే ఇంకేముంది, కంటికి అస్సలు కనపడదు. అందుకే సుత్తి.

ఇది చిన్న విషయమేం కాదు. గట్టి బండ్లని పేరున్న టొయోటా పికప్‌లకే చాసీలు తుప్పు పట్టాయని కేసులు పడ్డాయి. 2016లో కంపెనీ కోర్టులో రాజీకి వచ్చి, దాదాపు 15 లక్షల బండ్లకి చాసీ పరీక్ష చేసి, పాడైన వాటికి కొత్త చాసీ వేయడానికి ఒప్పుకుంది. 2015లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఇంకో హెచ్చరిక ఇచ్చింది. 2007, అంతకు ముందరి మోడళ్లున్న వాళ్లు బ్రేకు పైపులు తుప్పు పట్టాయేమో చూపించుకోండి, బండి కింద కడిగించుకోండి అని. ఆలోచించండి, వెనక 3 టన్నుల ట్రైలర్, ముందు దిగుడు, కింద మంచు. పెడల్ తొక్కితే తుప్పు పట్టిన పైపు పగిలింది. అప్పుడు ఇంజిన్ ఎన్ని హార్స్ పవరైతే ఏం లాభం?

రైతులకి సంబంధించిన ఇంకో ముచ్చట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. 1960ల మొదట్లో అమెరికా కోళ్లు చవగ్గా వచ్చి పడుతున్నాయని యూరప్ దేశాలు వాటి మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబర్‌లో అధ్యక్షుడు జాన్సన్ నాలుగు సరుకుల మీద సుంకం వేశాడు. బంగాళాదుంప గంజిపిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు. ట్రక్కుల మీద 25 శాతం. కోళ్ల గొడవ ఎప్పుడో పోయింది, మిగతా సుంకాలు పోయాయి, ట్రక్కుల మీదది మాత్రం ఉండిపోయింది. అందరూ దాన్ని కోడి పన్ను అంటారు. బయటి దేశాల చిన్న చవక పికప్‌లు అక్కడ నిలదొక్కుకోవడం కష్టమైంది. సొంత కంపెనీల పెద్ద పికప్‌లే మిగిలాయి. ఏడాదికేడాది పెద్దవయ్యాయి, తోలు సీట్లు వచ్చాయి, ధరలు కొండెక్కాయి. రైతు సీటు పీకి పెట్టె బిగించుకున్న బండి చివరికి రైతుకే అందనంత దూరం పోయింది. చిన్న రైతు పాత బండ్ల వైపు వెళ్లడానికి ఇది కూడా ఒక కారణం.

మన దగ్గరికి ఆ చుట్టరికం రెండు మూడు దారుల్లో వచ్చింది. ఆ విల్లీస్ జీపులనే 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. మన బొలెరో పికప్‌ల దాకా వచ్చిన కంపెనీ దారి అక్కడ మొదలైంది. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. ఆల్విన్ నిస్సాన్ బండ్లు మీలో కొందరికి గుర్తుండొచ్చు. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది, ఇప్పుడు జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక నాలుగు చక్రాల సరుకు బండి చిన్న రైతుకీ అందింది.

ఇప్పుడు వాటిల్లో పాతవి మన ఊళ్లల్లో చేతులు మారుతున్నాయి. ఈ కథలోంచి మనం తీసుకోవాల్సింది ఇంతే. మన రోడ్డు మీద ఉప్పు చల్లరు. కానీ చేపలు, రొయ్యలు మోసిన బండికి ఐసునీళ్లు, ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారి ఉంటాయి. ఎరువు బస్తాలు మోసిన బండికి ఆ ఎరువే తుప్పు పట్టిస్తుంది. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఏం మోసిందని. బాడీకీ చాసీకీ మధ్య చూడండి, కమాన్ పట్టీలు పట్టే బ్రాకెట్ల దగ్గర చూడండి, బ్రేకు పైపుల మీద వేలు పెట్టి చూడండి. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకొంచెం గట్టిగా చూడండి.

పట్టీలు అదనంగా వేయించి ఉంటే సంబరపడొద్దు. 1925లో ఫోర్డ్ పట్టీలు మార్చింది ఫ్యాక్టరీలో, మిగతాదంతా లెక్క చూసుకుని. బయట షెడ్డులో రెండు పట్టీలు ఎక్కువ వేస్తే బండి కుంగదు, అంతే. చాసీ, ఇరుసు, బ్రేకులు పాతవే. పట్టీలు ఎక్కువ ఉన్నాయంటే ఆ బండి ఓవర్ లోడు కొట్టిందనే అర్థం. ఆర్‌సీలో బండి మొత్తం బరువు ఎంత దాకా ఉండొచ్చో రాసి ఉంటుంది. అమెరికా వాడి తలుపు స్టిక్కర్ లాంటిదే అది. చదవండి.

ఒక్కమాట చెప్పి ముగిస్తా. మన పికప్‌లో వెళ్లేది బస్తాలే కాదు. మిరపకోతకీ, పత్తి ఏరడానికీ కూలీలని అందులోనే ఎక్కిస్తున్నాం. అసలు సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, అది మనందరికీ తెలుసు, అయినా జరుగుతోంది. కనీసం కొనేరోజు ఒక పావుగంట బట్టలకి మట్టి అంటినా సరే, బండి కిందికి దూరి చూడండి. ఒక చిన్న సుత్తి జేబులో వేసుకుని వెళ్లండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనీయండి.

మీ ఊళ్లో బండ్ల కింద ఇంకేం చూస్తారో, పెద్దవాళ్లు చెప్పిన కిటుకులేమైనా ఉంటే మీరూ చెప్పండి, నలుగురికీ పనికొస్తాయి. ఉంటాను.